ఉద్యోగం పోయిందని నలుగురికీ చెప్పండి: లేఆఫ్ తర్వాత పరిచయాలతో పని వెతుక్కునే పద్ధతి

నాకు ఉద్యోగం పోయిన రోజు పొద్దున పదిన్నరకి పదిహేను నిమిషాల మీటింగ్ అన్నారు. పదకొండు దాటేసరికి ల్యాప్‌టాప్ లాక్ అయిపోయింది. తొమ్మిదేళ్ల పని. ఆ మధ్యాహ్నం గచ్చిబౌలి ఫ్లైఓవర్ దగ్గర బండి ఆపి ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు.

తర్వాత మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. రోజూ మామూలుగానే బ్యాగ్ తగిలించుకుని బయల్దేరి, కొండాపూర్‌లో ఒక కాఫీ షాపులో కూర్చుని, నౌకరీ అనే ఉద్యోగాల సైటులో కనిపించిన ప్రతిదానికీ అప్లై చేసేవాణ్ని. కాల్స్ రాలేదు. చివరికి పని దొరికింది. నాలుగేళ్లుగా పలకరించుకోని ఒక టెస్టింగ్ లీడ్ (సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే టీమ్‌కు పెద్ద) తన కంపెనీలో నా రెజ్యూమె ఇవ్వడం వల్ల దొరికింది. ఆవిడకు నేను మెసేజ్ పెట్టింది ఇరవై నాలుగో రోజున. మొదటి రోజే పెట్టొచ్చు. పోగొట్టుకున్న ఆ ఇరవై మూడు రోజులే ఇది రాయడానికి కారణం.

నేను చూసింది హైదరాబాద్ ఐటీ కాబట్టి ఉదాహరణలు అక్కడివే. బెంగళూరులో ఉన్నా, విశాఖలో ఉన్నా, వేరే రంగంలో ఉన్నా చేసే పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

1. మొదటి రెండు రోజులు: కాగితాలు, ఫోన్ నంబర్లు

ఈ రెండు రోజులు ఉద్యోగం వెతకొద్దు. చేతిలోంచి జారిపోయేవాటిని ముందు పట్టుకోండి.

అన్నిటికన్నా ముందు ఫోన్ నంబర్లు. ఆఫీసు చాట్‌లో ఉన్న మనుషులంతా లాగిన్ పోయిన క్షణాన మాయమైపోతారు. ఇంకా సిస్టమ్ చేతిలో ఉంటే కలిసి పనిచేసినవాళ్ల నంబర్లు రాసుకోండి. లేకపోతే అదే సాయంత్రం లింక్డ్‌ఇన్‌లో ఒక్కొక్కరిని కలుపుకోండి. క్లయింట్ వైపు మీతో పనిచేసినవాళ్లనీ, వేరే టీమ్‌లో పరిచయమున్నవాళ్లనీ వదలొద్దు. కంపెనీ కోడ్, ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు.

తర్వాత కాగితాలు. పే స్లిప్పులు, ఫారం 16 (జీతంలో పట్టుకున్న పన్ను వివరాలు), అప్రైజల్ లెటర్లు మీ సొంత మెయిల్‌లో ఉండాలి. రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారో, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఏమేం వస్తాయో హెచ్చార్‌ను మెయిల్‌లో అడగండి. నోటితో చెప్పినదాన్ని నమ్ముకోవద్దు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. నిండిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క కడతారు. పీఎఫ్ మీద చెయ్యి వెయ్యొద్దు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. కొత్త కంపెనీలో అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) కొనసాగుతుంది కదా, అక్కడికి మార్చుకోవచ్చు.

చాలామంది మర్చిపోయేది ఆరోగ్య బీమా. కంపెనీ పాలసీలో అమ్మానాన్నలు ఉంటే మీతోపాటు వాళ్ల రక్షణా ఆగిపోతుంది. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ సొంత పాలసీకి మారే వెసులుబాటు ఉంది. చివరి రోజు దాటకముందే అడగండి.

ఇక ఒక కాగితం మీద అద్దె లేదా ఈఎంఐ, స్కూలు ఫీజు, ఇంటి ఖర్చు రాసి, చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుందో లెక్కేయండి. ఆ అంకె చిన్నదైనా సరే, తెలిసి ఉండటం మంచిది. తెలియని భయంతో పెట్టే మెసేజ్‌లో కంగారు కనిపిస్తుంది, అవతలివాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

2. ఇంట్లో చెప్పడం

అదే రోజు చెప్పండి. భార్యకో, భర్తకో ముందు చెప్పండి. అమ్మానాన్నలకు రెండు మూడు రోజుల్లో చెప్పండి. వాళ్లకు బాధ కలుగుతుందని దాచిపెడతాం. బంధువుల నోటి ద్వారా తెలిసినప్పుడు కలిగే బాధ దానికి రెట్టింపు. మా నాన్న ఖమ్మంలో ఉంటారు. నేను చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "ఇన్ని రోజులు ఒక్కడివే ఎలా మోశావురా?"

చెప్పేటప్పుడు విషయంతోపాటు లెక్క కూడా చెప్పండి. "ఐదు నెలలకు సరిపడా డబ్బుంది, రోజూ ఇలా వెతుకుతాను, ఆదివారం ఆదివారం ఎంతవరకు వచ్చిందో చెప్తాను" అంటే ఇంట్లోవాళ్లు రోజూ "ఏమైంది?" అని అడగరు. ఆ ప్రశ్న ప్రేమతో అడిగినా గుచ్చుకుంటుంది. వారానికి ఒక్కసారి మాట్లాడుకుందామని ముందే అనుకుంటే ఇద్దరికీ ఊపిరి ఆడుతుంది.

మన దగ్గర అడ్డుపడేది పరువు. ఫలానావాళ్ల అబ్బాయిని తీసేశారట అంటారేమోనని ముడుచుకుపోతాం. కంపెనీ ఒక ప్రాజెక్టు మూసేసినా, ఖర్చు తగ్గించుకున్నా వందల మందికి ఒకేసారి పోతుంది. అది మీ పనితనం మీద ఇచ్చిన తీర్పు కాదు. దాచినకొద్దీ అది తప్పు చేసినట్టే మనకే అనిపించడం మొదలవుతుంది. పెళ్లిలో బాబాయి "ఏం చేస్తున్నావురా ఇప్పుడు?" అని అడిగితే, "మా టీమ్‌ను తీసేశారు బాబాయ్, జావా ప్రోగ్రామింగ్‌లో పని వెతుకుతున్నా. నీకు తెలిసినవాళ్ల పిల్లలు ఎవరైనా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉంటే నంబర్ ఇప్పించు" అనండి. ఒక్క వాక్యంతో ఆ సంభాషణ జాలి నుంచి పనికి మళ్లుతుంది. ఆయన నిజంగానే నాలుగు ఫోన్లు చేస్తాడు.

3. పేర్ల జాబితా: దగ్గరివాళ్లకన్నా సగం పరిచయస్తులు

1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఉద్యోగం మారినవాళ్లను ఆయన అడిగిన ప్రశ్న ఇది: మీకు ఈ పని గురించి చెప్పిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు? పరిచయాల ద్వారా పని దొరికినవాళ్లలో తరచుగా కలిసే మనిషి ద్వారా దొరికింది దాదాపు 17 శాతం మందికే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారా దాదాపు 56 శాతం మందికి, ఎప్పుడో గానీ కలవనివాళ్ల ద్వారా దాదాపు 28 శాతం మందికి దొరికింది.

కారణం తేలికే. మీ దగ్గరి స్నేహితులకు తెలిసింది మీకూ తెలుసు. లేఆఫ్‌లో వాళ్లూ మీ పక్క సీటులోంచే బయటికి వచ్చి ఉండొచ్చు. దూరపు పరిచయస్తుడు ఉన్నది వేరే లోకంలో, అక్కడ ఏ సీటు ఖాళీ అవుతోందో అతనికే తెలుసు. 2022లో లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది మీద ఐదేళ్లపాటు జరిపి ప్రచురించిన అధ్యయనం దీన్నే మళ్లీ పరీక్షించి, ఒక సవరణ చేర్చింది: బొత్తిగా ముఖపరిచయం లేనివాళ్లకన్నా, కొంచెం పరిచయం ఉన్నవాళ్ల వల్లే ఉపయోగం ఎక్కువ.

కాబట్టి ఒక షీట్ తెరిచి పేర్లు రాయండి. బుర్రకు తోచినవాళ్లతో ఆగకండి, ఫోన్‌లో కాంటాక్ట్‌లు 'అ' నుంచి మొదలుపెట్టి చివరిదాకా చూడండి. పాత కంపెనీల్లో కలిసి పనిచేసినవాళ్లు, ఇంజినీరింగ్ సీనియర్లు, జూనియర్లు, అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్నప్పుడు పక్కన కూర్చున్నవాళ్లు, పీజీలో రూమ్మేట్లు, ఆఫీసు క్యాబ్‌లో రెండేళ్లు కలిసి తిరిగినవాళ్లు, పిల్లల స్కూల్ బస్సు దగ్గర రోజూ నిలబడే తల్లిదండ్రులు, అందరినీ రాయండి. ఒకప్పుడు ఫ్రెషర్‌గా చేరి మీ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లను మాత్రం మర్చిపోకండి. వాళ్లలో కొందరు ఇప్పుడు లీడ్‌లు, మేనేజర్లు. మీరు ఓపిగ్గా నేర్పిన మాట వాళ్లకు గుర్తుంటుంది. చిన్నవాణ్ని అడగడమేంటి అనే మొహమాటాన్ని పక్కన పెట్టేయండి.

యాభై పేర్లు దాటాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఎవరిని అడగాలో తెలిస్తే అడగడం సగం తేలికవుతుంది.

4. అందరికీ కనిపించేలా ఒక మాట

లింక్డ్‌ఇన్‌లో పోస్టు రాయండి. పని వెతుకుతున్నానని చెప్పే 'ఓపెన్ టు వర్క్' గుర్తు పెట్టుకోవాలా వద్దా అని చాలామంది తర్జనభర్జన పడతారు. రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలూ ఉంది, అది ఉద్యోగంలో ఉండి వెతికేవాళ్లకు. మీకు దాచాల్సిందేమీ లేదు కాబట్టి అందరికీ కనిపించేలా పెట్టండి, నా సలహా అదే.

పోస్టు పొడుగ్గా ఉండక్కర్లేదు. ఏం జరిగిందో ఒక వాక్యం. మీరు చేసిన పనిలో ఎవరైనా ఊహించుకోగలిగేవి రెండు ముక్కలు. ఎలాంటి పని, ఏ ఊళ్లో కావాలో ఒక వాక్యం. పాత కంపెనీ మీద కోపం అందులో ఒక్క అక్షరం కూడా వద్దు.

నౌకరీ ప్రొఫైల్‌లో నోటీస్ పీరియడ్ పెట్టేచోట 'పదిహేను రోజులు లేదా అంతకన్నా తక్కువ' అని మార్చండి. మన కంపెనీల్లో చాలాచోట్ల నోటీసు, అంటే రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన కాలం, మూడు నెలలు. ప్రాజెక్టు వచ్చే వారం మొదలవుతుందని తొందరలో ఉన్న మేనేజర్‌కు వెంటనే చేరగలిగేవాడు దొరకడం కష్టం. ఉద్యోగం పోయినందువల్ల మీకు కలిసొచ్చేది ఇదొక్కటే, ప్రతిచోటా చెప్పండి.

5. మెసేజ్ ఎలా రాయాలి

"హాయ్ బ్రో, ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పు" అనే మెసేజ్‌కు జవాబు రాదు. అవతలి మనిషి చెడ్డవాడు కాదు. దానికి ఏం చెయ్యాలో అతనికి తెలియదు. ఏ పని, ఏ అనుభవం, ఏ ఊరు అని తిరిగి అడగాలి, తనకు తాను వెతకాలి. సాయంత్రం చూద్దాంలే అనుకుంటాడు, అంతే.

నేను ఆ టెస్టింగ్ లీడ్‌కు పెట్టింది ఇంచుమించు ఇలా ఉంది:

"నమస్తే మేడం, బాగున్నారా? పేమెంట్స్ ప్రాజెక్టులో మీ టీమ్‌తో రెండేళ్లు పనిచేశాను. రాత్రి రిలీజ్‌లప్పుడు డెవలప్‌మెంట్ వైపు కాల్‌లో ఉండేది నేనే. పోయిన నెల మా ప్రాజెక్టు మూసేసి అందర్నీ తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. జావా, స్ప్రింగ్ బూట్‌లో తొమ్మిదేళ్ల అనుభవం. మీ కంపెనీలో ఈ పనికి ఎలాంటి టీమ్‌లు ఉన్నాయో, వాళ్లు ఏం చూస్తారో తెలుసుకోవాలని ఉంది. ఈ వారంలో ఒక పది నిమిషాలు మాట్లాడటానికి వీలవుతుందా? కుదరకపోయినా ఏం పర్లేదు మేడం."

ఇందులో ఐదు విషయాలున్నాయి: నేనెవరో గుర్తుచేయడం, ఏం జరిగిందో, నాకేం వచ్చో, ఆవిడ మాత్రమే చెప్పగలిగిన చిన్న ప్రశ్న, కాదనడానికి దారి. ఉద్యోగం ఇప్పించమని అడగలేదు. అడిగితే ఆవిడ 'నా చేతిలో లేదు' అనాల్సి వచ్చేది. తన టీమ్‌ల గురించి చెప్పడం ఆవిడ చేతిలో ఉంది.

అందరికీ ఒకటే మెసేజ్ కాపీ చేసి పంపకండి. రోజుకు ఐదుగురికి, ఒక్కొక్కరికీ వాళ్ల గురించి ఒక వాక్యం మార్చి రాస్తే చాలు. సీనియర్‌ను అన్నా అని పిలిచే అలవాటుంటే అలాగే పిలవండి. ఉద్యోగం పోయిందని ఒక్కసారిగా సార్ అనడం మొదలుపెడితే ఎదుటివాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది.

జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి, మనసులో కూడా. వాళ్ల కంపెనీలోనూ లేఆఫ్ నడుస్తుండొచ్చు, వాళ్లింట్లో ఎవరికో బాగుండకపోవచ్చు.

6. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు

పది నిమిషాలు అడిగితే పదో నిమిషంలో మీరే గుర్తుచేయండి. ముందు వాళ్ల సంగతులు వినండి. తర్వాత అడగాల్సినవి: అక్కడ ఏ టీమ్‌లు పెరుగుతున్నాయి, ఇంటర్వ్యూ ఎన్ని రౌండ్లు, దేనిమీద ఎక్కువ నిలదీస్తారు, నా రెజ్యూమెలో మీకు ఏది అర్థం కాలేదు. చివరి ప్రశ్న నాకు చాలా పనికొచ్చింది. నా రెజ్యూమెలో టెక్నాలజీల పేర్లన్నీ ఉన్నాయి గానీ నేనేం కట్టానో లేదని ఆవిడే చెప్పింది. ఆ రాత్రే మార్చాను.

ఫోన్ పెట్టేముందు ఒక్క మాట: "దీని గురించి నేను ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?" ఒక్క పేరు వచ్చినా మీ జాబితా పెరుగుతుంది. అంతకన్నా మేలు, ఆ కొత్త మనిషి దగ్గరికి "ఫలానావాళ్లు మీతో మాట్లాడమన్నారు" అని వెళ్తారు.

7. రెఫరల్ లోపల ఎలా నడుస్తుందో తెలుసుకోండి

రెఫరల్ అంటే ఉద్యోగి తన కంపెనీకి మన పేరు చెప్పడం. దాన్ని అడగడం చెయ్యి చాచడం అనుకునేవాణ్ని. చాలా కంపెనీలు తమ ఉద్యోగి చెప్పిన మనిషిని తీసుకుంటే ఆ ఉద్యోగికి బోనస్ ఇస్తాయి. మంచి మనిషిని తేవడం వాళ్లకూ లాభమే.

రెఫర్ చేసే మనిషి పని తేలిక చేయండి. వాళ్ల కంపెనీ సైటులో మీకు సరిపోయే పోస్టును మీరే వెతికి, జాబ్ ఐడీ, రెజ్యూమె పీడీఎఫ్, ఫోన్, మెయిల్, 'ఈ పనికి నేను ఎందుకు సరిపోతాను' అని మూడు వాక్యాలు ఒకే మెసేజ్‌లో పంపండి. పోర్టల్ తెరిచి అతికించడానికి రెండు నిమిషాలు చాలాలి.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటొకటి ఉంది. మీరు అప్పటికే ఆ కంపెనీ సైటులోనో, ఏదో కన్సల్టెన్సీ ద్వారానో అప్లై చేసి ఉంటే, చాలాచోట్ల కొన్ని నెలలపాటు రెఫరల్ చెల్లదు. మీ ప్రొఫైల్ ఇప్పటికే ఉందని పోర్టల్ వెనక్కి కొడుతుంది. కాబట్టి వరస ఇది: ముందు ఆ కంపెనీలో మనిషి ఉన్నారేమో చూడండి, రెండు మూడు రోజులు చూడండి, ఎవరూ దొరక్కపోతేనే నేరుగా అప్లై చేయండి. రెండు కన్సల్టెన్సీలు ఒకే కంపెనీకి మీ పేరు పంపితే ఇద్దరి మధ్య తగువొచ్చి మిమ్మల్నే పక్కనపెట్టొచ్చు. ఎవరికి ఎక్కడికి పంపడానికి ఒప్పుకున్నారో షీట్‌లో తేదీతో రాసుకోండి.

హెచ్చార్ ఫోన్‌లో "ఇప్పుడు పనిచేస్తున్నారా?" అని అడిగితే నిజమే చెప్పండి. యూఏఎన్ రికార్డులో చివరి తేదీ కనిపిస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అబద్ధం బయటపడుతుంది. "ఫలానా నెలలో మా ప్రాజెక్టు మూసేశారు, వెంటనే చేరగలను" అంటే సరిపోతుంది.

8. గడప దాటి నాలుగు చోట్లకు వెళ్లండి

నెలకు రెండు మూడుసార్లు మనుషులున్న చోటికి వెళ్లండి. రాయదుర్గంలో స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్‌లో టెక్ సమావేశాలు జరుగుతుంటాయి. నగరంలో పైథాన్, క్లౌడ్, డేటా వాళ్ల మీటప్‌లు శనివారాల్లో పెడుతుంటారు, చాలావాటికి టికెట్ ఉండదు. వెళ్లి విజిటింగ్ కార్డులు పోగుచేయక్కర్లేదు. ఇద్దరితో నిజంగా మాట్లాడి, మర్నాడు వాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి. కొత్తచోట నోరు పెగలనివాళ్లు కుర్చీలు సర్దడానికో, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరో సాయం చేస్తామని నిర్వాహకులకు ముందే చెప్పండి. చేతిలో పనుంటే మాట దానంతటదే కలుస్తుంది.

మీతోపాటు తీసేసినవాళ్లతో ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకోండి. ఒకే సీటుకు పోటీ అనుకుంటాం గానీ, ఒకరికి సరిపోనిది ఇంకొకరికి సరిపోతుంది. నిన్నటి ఇంటర్వ్యూలో ఏం అడిగారో వేడివేడిగా తెలిసేది అక్కడే. గ్రూప్ తిట్లకూ వదంతులకూ దిగితే మ్యూట్ చేయండి.

9. రోజును పట్టుకోండి

ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే చిన్న ఊళ్లో మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకున్నప్పుడు, 1930ల మొదట్లో కొందరు పరిశోధకులు అక్కడ ఉండి చూశారు. చేతినిండా ఖాళీ సమయం. అయినా లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్లు వీధిలో నెమ్మదిగా, ఆగి ఆగి నడిచేవాళ్లు. పని పోతే జీతంతోపాటు రోజుకున్న ఆకారమూ పోతుందని వాళ్లు చూపించారు.

నాకూ అదే జరిగింది. లేవడం తొమ్మిదైంది, తర్వాత పదైంది. దాన్ని మార్చింది ఒక గట్టి టైమ్‌టేబుల్. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మెసేజ్‌లు, అప్లికేషన్లు, ఫోన్లు. మధ్యాహ్నం రెండు గంటలు ఇంటర్వ్యూ ప్రాక్టీసు, లేకపోతే కొత్తది నేర్చుకోవడం. సాయంత్రం ఐదు తర్వాత ఉద్యోగం మాట లేదు, నడక, పిల్లలు, వంట. పన్నెండు గంటలు వెతికితే తొందరగా దొరుకుతుందనుకోవద్దు. అలసిన మనిషి గొంతు ఇంటర్వ్యూలో తెలుస్తుంది.

రోజు చివర ఎన్ని కాల్స్ వచ్చాయో లెక్కపెట్టకండి, అది మీ చేతిలో లేదు. ఎన్ని మెసేజ్‌లు పెట్టారు, ఎవరితో మాట్లాడారు అన్నది లెక్కపెట్టండి. ఐదు అనుకుని ఐదు పెడితే ఆ రోజు పని అయినట్టే.

లోపల కోపం ఉంటే కాగితం మీద పెట్టండి. 1994లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఉద్యోగం పోయిన 63 మంది ఉన్నారు. వాళ్లలో కొందరిని వరసగా ఐదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయమన్నారు. మామూలు విషయాలు రాసినవాళ్లకన్నా, ఏమీ రాయనివాళ్లకన్నా వీళ్లలో ఎక్కువమందికి తర్వాతి నెలల్లో పని దొరికింది. ఇంటర్వ్యూలో "ఎందుకు బయటికొచ్చారు?" అన్నప్పుడు గొంతులో పాత మేనేజర్ మీద కసి లేకుండా మాట్లాడగలగడం ఎంత ముఖ్యమో అనుభవించినవాళ్లకు తెలుసు. రాసిన కాగితం ఎవరికీ చూపించక్కర్లేదు, చింపేసినా సరే.

చివరి రౌండ్ దాకా వెళ్లి కాదన్న రోజు మాత్రం ఏ టైమ్‌టేబుల్ పనిచేయదు. ఆ రోజు సెలవు తీసుకోండి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకడం ఎందుకనిపించడం రోజుల తరబడి ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

10. ఆశను అమ్ముకునేవాళ్లు

ఉద్యోగం పోయినవాళ్ల నంబర్లు కొందరి చేతికి చాలా తొందరగా చేరతాయి. బ్యాక్‌డోర్ (దొడ్డిదారి ఉద్యోగం) అంటారు, రెండు లక్షలు కడితే ఆఫర్ లెటర్ అంటారు, ఉన్న అనుభవానికి ఇంకో మూడేళ్లు కలుపుతామంటారు. డబ్బు అడిగిన ఉద్యోగం ఉద్యోగం కాదు. దొంగ అనుభవం వెరిఫికేషన్‌లో పట్టుబడితే కొత్త ఉద్యోగమూ పోతుంది, కష్టపడి సంపాదించుకున్న నిజమైన అనుభవం మీద కూడా అనుమానం పడుతుంది. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

అమెరికాలో హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉన్న మనవాళ్లకు ఇదంతా ఇంకా ఇరుకు. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (ఆ దేశంలో ఉండటానికి అనుమతించిన తేదీ ఉండే రికార్డు) గడువు తీరేదాకా, ఏది ముందైతే అది. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేయాలి. అక్కడ నేను చెప్పిన మొదటి రెండు రోజుల్లోనే లాయర్‌తో మాట్లాడటం, యాభై పేర్ల జాబితా రెండూ అయిపోవాలి. పరువు కోసం ఆగడానికి వాళ్లకు ఒక్క రోజు కూడా లేదు.

11. పని దొరికాక

ఆఫర్ లెటర్ రాగానే వెతకడం ఆపకండి. ఆఫర్లు వెనక్కి తీసుకున్న సందర్భాలు మన కళ్ల ముందే ఉన్నాయి. చేరిన మొదటి వారంలో ఆ షీట్ తెరిచి, సాయం చేసిన ప్రతి ఒక్కరికీ, పది నిమిషాలు మాట్లాడి ఊరుకున్నవాళ్లకు కూడా, ఎక్కడ చేరారో చెప్పండి. తమ మాట ఎటు పోయిందో చాలామందికి ఎప్పటికీ తెలియదు. తెలిస్తే ఎంత సంతోషిస్తారో ఆ టెస్టింగ్ లీడ్ గొంతులో విన్నాను.

కొత్త కంపెనీలో రెఫరల్ పోర్టల్ ఎక్కడుందో మొదటి వారంలోనే కనుక్కోండి. మీతోపాటు తీసేసినవాళ్లలో ఇంకా వెతుకుతున్నవాళ్లు ఆ వాట్సాప్ గ్రూప్‌లో ఉన్నారు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా, మీ కంపెనీలో ఖాళీగా ఉన్న పోస్టుల జాబ్ ఐడీలు అందులో పెట్టండి.